కొబ్బరికాయ కొట్టిన పుస్తకం

లిలువా,
మే నెల, కరెంటు పోయిన మధ్యాహ్నం.

చిన్మయీ,

నిన్న ఫోన్లో నువ్వు గొంతు చించుకున్నావు, నేను 'ఊఁ, ఊఁ' అంటూ కూర్చున్నాను. నిజం చెప్పనా? ఒక్క ముక్క అందలేదు. విశాఖపట్నం నుంచి బదిలీ మీద నా ఊరి దగ్గరికే వచ్చిన మేనకోడలివి, నీతో కూడా తలూపి సరిపెట్టేస్తే ఇంక నేను మాట్లాడేది ఎవరితో? అందుకే ఈ కాగితం. మీ బ్యాంకులో పనిచేసే అభిజిత్ మా వీధి చివరే ఉంటాడుగా, రోజూ లోకల్లో హౌరా దాకా వచ్చి అక్కణ్ణుంచి భవానీపూర్ చేరతాడు. ఒక గుడ్డసంచీ అతని భుజానికి తగిలించాను. "మాషిమా, ఇందులో ఏముంది?" అని అడిగినట్టున్నాడు, వాళ్ళ భాషలో నేను పిన్నినిగా. పుస్తకాలూ కబుర్లూ అన్నాను. పాపం, మంచివాడు, మోస్తానని తలూపాడు. ఫోన్లో టైపు చెయ్యమని మాత్రం అనకు. నా బొటనవేలు ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి.

చెవుల సంగతి మీ మామయ్యకే ఆలస్యంగా తెలిసింది. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, మామూలుగానే అరుస్తారు. అందుకని మా ఇంట్లో ఎవరికీ తేడా కనపడలేదు. ఇప్పుడు నీకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వకు.

ఎందుకంటావా? ఇక్కడి తెలుగు సంఘం గదిలో శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళకి నేను నవల చదివి వినిపిస్తాను కదా. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అందరూ మాట్లాడుకుంటూ ఉంటే నేను దిష్టిబొమ్మలా నవ్వుతూ కూర్చోవాలి. శనివారం అలా కాదు. నేను చదువుతాను, వాళ్ళు వింటారు. ఆ కాసేపు నాకు చెవులతో పని లేదు. చదవడం అయిపోగానే తలనొప్పి అని చెప్పి ఎవరూ పలకరించేలోపల ఇంటికొచ్చేస్తాను. చెవిటిదని తెలిస్తే 'పాపం, ఎందుకమ్మా నీకు శ్రమ' అని నా చేతిలో పుస్తకం తీసుకుంటారు. అది పోతే నాకింకేం లేదే.

ఇప్పుడు చదువుతున్నది సంఘం కార్యదర్శి మృత్యుంజయగారిచ్చిన లావుపాటి పుస్తకం. మూడు తరాల జమీందారుల కథ. సంక్రాంతి వెళ్ళాక మొదలెట్టాం. వినేవాళ్ళలో పెద్దావిడ మహాలక్ష్మమ్మగారు దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ మొదలెట్టించారు. అందరూ కళ్ళు మూసుకుని ఎంత తన్మయంగా వింటారో నువ్వు చూడాలి. నాకు మాత్రం, నీతో కాబట్టి అంటున్నాను, ఒక్క పేజీ కూడా గొంతు దిగడం లేదు. కథానాయకుడు గుర్రబ్బండి ఎక్కి అత్తారింటికి బయల్దేరాడు, ఇంతవరకూ చేరలేదు. దారిలో కనపడిన ప్రతి చెట్టుకీ ఒక పేజీ.

నువ్వేం చదువుతున్నావు?

నీ అత్త,
జయలక్ష్మి


భవానీపూర్,
జూన్, ఇంకా వాన రాలేదు.

అత్తా,

అభిజిత్‌దా సంచీ నా బల్ల మీద పెట్టి "పోస్టాఫీసు!" అన్నాడు. బ్రాంచి మొత్తం నవ్వింది. నువ్వు పంపిన నువ్వులుండలు నాకు రెండే దక్కాయి.

ఏం చదువుతున్నానా? ఏం వదిలేశానో అడుగు, అది పెద్ద జాబితా. ఒక అపరాధ పరిశోధన మొదలెట్టాను, హంతకుడు వంటవాడని పదో పేజీలోనే నాకు తెలిసిపోయింది. డిటెక్టివుకి తెలిసేదాకా ఆగే ఓపిక లేక వదిలేశాను. తెల్లవారుజామున లేస్తే జీవితం ఎలా మారిపోతుందో చెప్పే పుస్తకం మెట్రోలో చదువుతూ నిద్రపోయి రెండు స్టేషన్లు దాటిపోయాను. అదీ వదిలేశాను. హిమాలయాల యాత్ర ఒకటి ఉంది, ఆయన ఎక్కడికి వెళ్ళినా ఏం తిన్నాడో రాస్తాడు తప్ప కొండ మాటే ఎత్తడు. అది మాత్రం వదల్లేదు, ఆకలేసినప్పుడు బాగుంటుంది.

నచ్చని పుస్తకం నువ్వెందుకు మొయ్యాలి అత్తా? బ్యాంకులో రోజంతా నచ్చని కాగితాలు చివరి అక్షరం దాకా చదవడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా అదే పనైతే ఇంక బతికేదెప్పుడు? ఆ బండివాణ్ణి దారిలోనే దింపేసి వేరే పుస్తకం అందుకో.

వచ్చే శనివారం మాకు సెలవు. వచ్చి నీ చదువు వింటాను.

చిన్మయి


లిలువా,
జూన్.

చిన్మయీ,

తప్పకుండా రా. కానీ వచ్చేముందు నాలుగు చీవాట్లు తిను. విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతారా ఎవరైనా? చిన్నప్పుడు కాకరకాయ కూర కంచం కిందకి తోసేదానివి, ఇప్పుడు పుస్తకాలు తోస్తున్నావు. మా రోజుల్లో ఒక పుస్తకం చేతికొస్తే అట్ట మీద ధర దగ్గర్నుంచి వెనక అచ్చాఫీసు పేరు దాకా చదివేవాళ్ళం.

అయినా ఇది నా ఒక్కదాని ఇష్టమా? కొబ్బరికాయ కొట్టి మొదలెట్టింది పారాయణతో సమానం. మధ్యలో ఆపితే అరిష్టమని మహాలక్ష్మమ్మగారు బాధపడతారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. భర్త ఓడరేవులో పనిచేసినన్నాళ్ళూ మెటియాబ్రుజ్‌లో ఉండి, ఆయన పోయాక ఇక్కడ కొడుకు దగ్గరికొచ్చారు. ఆవిడకున్న ఒకే ఒక్క వేడుక ఈ శనివారం. నాకు నచ్చలేదని ఆవిడ నోటి దగ్గర కూడు తీసెయ్యనా?

వచ్చేటప్పుడు మీ వీధిలో దొరికే ఆ నల్ల జీలకర్ర నిమ్కీలు, ఆ కరకరలాడే చిరుతిండి పట్రా. మీ మామయ్య అడిగారు. అంటే అరిచారు.

అత్త


భవానీపూర్,
జూలై.

అత్తా,

ఇల్లు చేరాను. హౌరాలో వాన, బస్సులో వాన, మెట్రో దిగితే వాన. చెప్పులు ఇంకా ఆరలేదు. ఇక్కడ గురువారం నుంచి ఆగకుండా పడుతూనే ఉంది, రేపు కూడా పడుతుందట.

మధ్యాహ్నం బాగా గడిచింది. నీ గొంతు బాగుంది. అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. అప్పలలక్ష్మిగారు అందరికీ తెచ్చిన మిరపకాయ బజ్జీలు బాగున్నాయి.

ఉంటాను,
చిన్మయి


లిలువా,
జూలై.

ఏమే,

ఆరేళ్ళప్పుడు మీ నాన్న కళ్ళజోడు విరగ్గొట్టి, అడిగితే 'ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది నాన్నా' అన్నావు. నీకు అబద్ధం వచ్చిందంటే ముందు వాతావరణం వస్తుంది. నీ ఉత్తరంలో వాన తప్ప ఏమీ లేదు.

నేను చదువుతుండగా అప్పలలక్ష్మి నిన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. చాలాసేపు మాట్లాడింది. నువ్వు లోపలికొచ్చి నా వంక చూడలేదు. చెవులు పోయినా కళ్ళున్నాయి నాకు.

ఏం చెప్పింది? నా దగ్గర దాచకు. దాచిన మాటలు ఊహించుకోవడంలోనే నా రోజంతా గడిచిపోతోంది. నీ ఒక్కదాని దగ్గరైనా ఆ పని లేకుండా చెయ్యి.

అత్త


భవానీపూర్,
జూలై.

అత్తా,

సరే, చెబుతాను. కూర్చుని చదువు.

వాళ్ళు కళ్ళు మూసుకుని వినడం లేదు. నిద్రపోతున్నారు. మొదటి పేజీ అయ్యేసరికి మహాలక్ష్మమ్మగారి గురక మొదలైంది. రెండో పేజీకి ఇంకో ఇద్దరు అందుకున్నారు. నా పక్కనే కూర్చున్నావిడ నా భుజం మీద వాలిపోయింది. మెలకువగా ఉన్నది నేనూ అప్పలలక్ష్మిగారే.

వరండాలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది: "ఆ బాబు ఇంకా బండి దిగడేటమ్మా? సలికాలంల బండెక్కినాడు, వానాకాలం వొచ్చెసినాది! మీ అత్తకి ఆ పుస్తకం అంతిష్టమేటి?" నీకూ ఇష్టం లేదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. నువ్వు వాళ్ళ కోసం చదువుతున్నావు, వాళ్ళు నీ కోసం కూర్చుంటున్నారు.

ఇంకొకటి. నీ చెవుల సంగతి వాళ్ళందరికీ తెలుసు. కిందటి దుర్గాపూజల్లో డోళ్ళు వాయించే ఢాకీలు సంఘం కిటికీ పక్కనే వాయించుకుంటూ వెళితే అందరూ చెవులు మూసుకున్నారట. నువ్వు మాత్రం తల ఎత్తకుండా చదువుతూనే ఉన్నావట. అప్పట్నుంచీ తెలుసు. చెబితే నువ్వు నొచ్చుకుని మానేస్తావని ఎవరూ నోరెత్తలేదు.

నేను చెప్పడం తప్పైతే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

చిన్మయి


భవానీపూర్,
ఆగస్టు.

అత్తా,

అభిజిత్‌దా రోజూ సంచీ తెస్తున్నాడు, ఖాళీగా. "మాషిమా తలుపు తీసి సంచీ చేతికిచ్చి లోపలికెళ్ళిపోయారు" అంటాడు. మామయ్యకి ఫోన్ చేస్తే 'మీ అత్త పలకదు, శనివారం కూడా వెళ్ళలేదు' అని అరిచారు. నా చెవి ఇంకా గింగురుమంటోంది.

నాకు భయంగా ఉంది. నీ దగ్గర్నుంచి శనివారం లాక్కున్నది నేనే అనిపిస్తోంది. ఈ ఊళ్ళో నాకు బ్యాంకుంది, గది ఉంది, మంచి ఇంటివాళ్ళున్నారు. కానీ తెలుగులో తిట్టే మనిషివి నువ్వొక్కదానివే. కనీసం ఒక తిట్టు రాసి పంపు.

చిన్మయి


లిలువా,
ఆగస్టు, వినాయక చవితి ఇంకా రాలేదు.

తింగరిదానా,

ఇదిగో తిట్టు. తీసుకున్నావా? ఇక విను.

నీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. వాళ్ళు నిద్రపోయినందుకు కాదు. అందరికీ తెలిసి, నేనొక్కదాన్నే ఎవరికీ తెలియదనుకుంటూ తలనొప్పి నటించుకుంటూ తిరిగానే, ఆ సిగ్గు. రెండు శనివారాలు వెళ్ళలేదు. కాలు బెణికిందని మీ మామయ్య చేత కబురు పంపాను. మూడో శనివారం తలుపు తీసి చూద్దును కదా, మొత్తం సంఘం మా గుమ్మంలో ఉంది. మహాలక్ష్మమ్మగారు ముందు నా కాళ్ళ వైపు చూశారు, రెండూ భేషుగ్గా ఉన్నాయి. తిన్నగా వచ్చి నా ఎదురుగా కూర్చుని, నా గడ్డం పట్టుకుని తన మొహం వైపు తిప్పుకున్నారు. అలా ఎదురుగా కూర్చుని నింపాదిగా చెబితే నాకు మాట అందుతుందే! ఇన్నాళ్ళూ ఎవర్నీ అంత దగ్గరికి రానిస్తేగా!

"నీకు సెవుడని మాకెప్పుడో తెల్సు. తెల్సని నీకు తెల్దు, అంతే" అన్నారు.

"మరి ఏల సెప్పలేదు?" అన్నాను. కోపమొస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

"సెప్తే మానెస్తావు. మానెస్తే మేమెక్కడికి పోతాం? మా కొంపల పదిమందిమి. మద్దేన్నం కన్ను మూస్తే ఒకడు తొక్కుతాడు, ఇంకోడు లెగ్గొడతాడు. నీ గొంతు ఇంటా ఒక కునుకు తీస్తే వారమంతా కులాసాగుంటాది."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. తర్వాత తెగించి అడిగేశాను, ఆ పుస్తకం మీకెవరికైనా నచ్చిందా అని. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాకూ నచ్చలేదు అన్నాను. అప్పలలక్ష్మి చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నెలల తరబడి ఒకరి మీద మర్యాదకి ఒకరం ఆ బండి లాగాం.

కానీ కొబ్బరికాయ కొట్టాం కదా, ఎలా వదుల్తాం? అందరం మహాలక్ష్మమ్మగారి వంక చూశాం. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించలేదు. "వినాయకుడంతటోడికే ఉద్వాసన సెప్పి పంపించెస్తన్నాం. ఈ పుస్తకం ఆయనకన్నా పెద్దదేటి?"

అంతే. పీట మీద పుస్తకం పెట్టి, పసుపు కుంకుమ చల్లి, అక్షింతలు వేసి, ఆవిడే రెండు చేతులా పట్టుకుని ఈశాన్యం వైపు కాస్త జరిపారు. "పోయి రా బాబూ, బండి తిన్నగా తోలించుకో" అన్నారు. బెల్లం అటుకులు పంచుకు తిన్నాం. మా జన్మలో సగంలో వదిలేసిన మొదటి పుస్తకం, మర్యాదగా సాగనంపాం.

మృత్యుంజయగారికి తిరిగిచ్చేటప్పుడు, పూర్తి చెయ్యలేదని ఒప్పేసుకున్నాను. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, నాకు అందేలా ఎదురుగా నిలబడి అన్నారు: "నా వల్ల కాలేదమ్మా. మీరైనా పూర్తిచేసి కథ చెబుతారని ఇచ్చాను."

ఇంతకీ అసలు దిగులు వేరే ఉంది. పుస్తకం నచ్చక నిద్రపోయారా, నా చదువే అలాంటిదా? శనివారం ఉంటుందని అందరూ అన్నారు. కునుకు కోసం వస్తే నేను జోలపాట, అంతే కదా. నాకది చాలదే చిన్మయీ. బళ్ళో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఎనిమిదో క్లాసు పిల్లల్ని భోజనం తర్వాత పీరియడ్‌లో మేలుకోబెట్టినదాన్ని. వాళ్ళు మేలుకుని వినాలి. అలాంటి పుస్తకాలు పంపు.

అత్త


భవానీపూర్,
సెప్టెంబర్.

అత్తా,

ఉత్తరం మెట్రోలో చదివి పైకే నవ్వాను. పక్కనున్న ఆయన జరిగి కూర్చున్నాడు.

సంచీలో ఆరు పుస్తకాలున్నాయి, విశాఖ నుంచి తెప్పించాను. అభిజిత్‌దా భుజం పట్టుకుని మూలిగాడు, అతనికి కాస్త పులిహోర పెట్టు. దెయ్యం కథలున్నాయి, నవ్వించేవున్నాయి, కరకరలాడే అత్తాకోడళ్ళ కథలున్నాయి. అడుగున ఉన్న నీలం అట్టది నేను సగంలో వదిలేశాను. ఓడరేవు పక్కన కూలీలకి అన్నం వండిపెట్టే ఆడమనిషి కథ. ఆ పడవల పేర్లూ, సరుకుల పేర్లూ నాకు తలకెక్కలేదు. మీవాళ్ళకి తెలుస్తాయేమో.

నాదొక షరతు. ఈసారి కొబ్బరికాయ కొట్టకండి. నచ్చకపోతే చెయ్యెత్తమను. వినపడక్కర్లేదు, నీకు కనపడుతుంది.

యాత్ర పుస్తకం అయిపోయింది. ఇన్నాళ్ళకి నేను చివరిదాకా చదివిన పుస్తకం. ఆఖరి పేజీలో ఆయన కొండ చూశాడు, రెండు వాక్యాలు రాశాడు, వెంటనే టీ తాగాడు.

చిన్మయి


లిలువా,
నవంబర్, దుప్పట్లు దింపాం.

చిన్మయీ,

ఉత్తరం ఆలస్యమైంది, పూజలు వచ్చిపడ్డాయి. ఈసారి ఢాకీలు కిటికీ దగ్గరికి రాగానే మహాలక్ష్మమ్మగారు నా మోకాలి మీద తట్టారు. చదవడం ఆపి అందరితో పాటు చూశాను.

నీ షరతు ఎంత పని చేసిందో తెలుసా? చెయ్యెత్తడం నేర్పామో లేదో, మా ఆడవాళ్ళు ఆరితేరిపోయారు. దెయ్యం కథలకి మొదటి రోజే చేతులు లేచాయి. దెయ్యం మరీ పిరికిదట. నవ్వించే పుస్తకానికి నేను తప్ప ఎవరూ నవ్వలేదు, పక్కన పెట్టేశాను. అత్తాకోడళ్ళ కథకి సగం మంది చెయ్యెత్తారు, సగం మంది ఎత్తినవాళ్ళ చేతులు కిందకి లాగారు. అందులో ఎవరు అత్తలో ఎవరు కోడళ్ళో నేను చెప్పక్కర్లేదు. అదీ వదిలేశాం. ఒకప్పుడైతే పాపం తగులుతుందనుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కో పుస్తకం మూస్తుంటే పండక్కి ఇల్లు దులిపినంత హాయిగా ఉంది. నిన్ను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను, కాకరకాయ కూరవి తప్ప.

అలా అలా నీ నీలం అట్ట పుస్తకం దగ్గరికొచ్చాం. మొదటి పేజీలో ఆ వంటామె పెద్ద డేగిసాలో చేపల పులుసు కాస్తూ, ఓడ దిగినవాళ్ళు ఎంతమందో అరుపుల్ని బట్టి లెక్కేసుకుంటుంది. మహాలక్ష్మమ్మగారు కళ్ళు తెరిచారు. రెండో పేజీకి లేచి కూర్చున్నారు. నేను ఒక సరుకు పేరు చదివితే ఆవిడ చేతులతో ఆ బస్తా ఎంతుంటుందో, ఎలా ఎత్తుతారో అందరికీ చూపించారు. వారం వారం ఆవిడ పీట నా దగ్గరికి జరుగుతూ వచ్చింది. ఇప్పుడు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటున్నారు.

మొన్న శనివారం సంగతి చెప్పి ముగిస్తాను. మా వీధి కుళాయి నాలుగింటికి వస్తుంది. సంఘం గుమ్మం ముందే ఉంది. నీళ్ళ చప్పుడు వినగానే ఎంత నిద్రలో ఉన్నా అందరూ లేచి బిందెల కోసం పరుగెత్తడం ఆనవాయితీ. వాళ్ళు లేస్తే నాలుగైందని నాకు తెలుస్తుంది, పుస్తకం మూసేస్తాను. మొన్న వంటామె కొడుకు ఎక్కిన పడవ పొద్దుపోయినా తిరిగి రాలేదు. ఆమె పొయ్యి ఆర్పకుండా రేవు వైపు చూస్తూ కూర్చుంది. నేను పేజీ చివరికొచ్చాను. గొంతు ఎండిపోయి ఆగాను. గోడ గడియారం చూస్తే నాలుగు దాటి చాలాసేపైంది. ఎవరూ లేవలేదు. ఒక్క కన్నూ మూసుకుని లేదు. అప్పలలక్ష్మి చేతిలో బజ్జీ సగం కొరికింది సగంగానే ఉంది.

నేను కళ్ళజోడు తీయబోయాను. మహాలక్ష్మమ్మగారి చెయ్యి వచ్చి పేజీ తిప్పింది. ఆవిడకి అక్షరం రాదు. ఎక్కడ మొదలెట్టాలో తెలియక అరచేత్తో కాగితమంతా ఒకసారి తుడిచి, నా మొహం వైపు చూశారు.

చదివాను. పడవ వచ్చేదాకా చదివాను. బయటికొచ్చి చూస్తే బిందెలన్నీ ఖాళీగా గోడవార వరుసలో ఉన్నాయి. కుళాయి ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో, ఆ రోజు ఎవ్వరికీ వినపడలేదు.

నీ అత్త,
జయలక్ష్మి